మాగ్నమ్‌కు తూటా, గోడ అవతల మంచం

మా ముత్తాత తాత కడప నవాబుల కాలంలో పెన్నా గట్టున ఒక కొండకోటకు ఖిల్లేదారు. కోట తాళాలు, మందుగుండు కొట్టు, సిపాయీల జీతాలు అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. కుంఫిణీ దొరలు కోట ఖాళీ చేయించాక కూడా ఆయన కొడుకు ఖిల్లేదారు అన్న మాట వదులుకోలేదు. మా ముత్తాత తాలూకా కచేరీ గడప తొక్కితే తహసీల్దారు లేచి కుర్చీ చూపించేవాడు. మా తాతను మేము దాదా అనేవాళ్లం. ఆయన కాలానికి భూములు పోయాయి, ఇల్లు సగమైంది. ఇక మిగిలినవి వీపు వంచకుండా కూర్చునే అలవాటు, లైసెన్సు ఉన్న ఒక పాత రివాల్వరు.

వీపు వంచకపోవడం నాకు ఆయన దగ్గరే అబ్బింది. తుపాకుల సంగతులు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సెలవు రోజు పొద్దున్నే మంచం మీద తెల్ల గుడ్డ పరిచి, రివాల్వరు తుడిచి నూనె పెడుతూ ఒక్కో భాగం పేరు నాచేత చెప్పించేవారు. ఏ తూటా ఎంత దూరం పోతుంది, ఏది చేతిని తంతుంది, చెమ్మ తగిలిన తూటాను ఎందుకు నమ్మకూడదు, అన్నీ అడిగేవారు. తప్పు చెబితే కొట్టేవారు కాదు. "ఖిల్లేదారు ఇంట్లో పుట్టి ఇది తెలియదా?" అనేవారు. దానికన్నా కొట్టడమే నయం.

ఇప్పుడు నేను సౌదీలో, అభాలో ఉంటాను. కొండల మీద ఊరు. మిగతా దేశం మాడిపోతుంటే ఇక్కడ మబ్బులు కిటికీలోంచి లోపలికి వస్తాయి. జిప్సం బోర్డులు, సీలింగ్ సామాను అమ్మే కంపెనీలో ఆర్డర్లు, లెక్కలు చూస్తాను. మా కఫీల్, అంటే ఈ దేశంలో నా వీసాకు పూచీ ఉన్న యజమాని, ఈ కొండల మనిషే. నేను చేరిన మొదటి వారంలోనే మా వంశం గురించి ఆయనకు చెప్పాను. ఉన్నది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఆయన ఓపిగ్గా విని, తన తండ్రులూ తాతల పేర్లు వేళ్లు మడుస్తూ ఏడు తరాల దాకా చెప్పాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకరి ముందు ఒకరం తగ్గకుండా, ఒకరినొకరం తగ్గించకుండా నెట్టుకొస్తున్నాం. నన్ను ఆయన 'కోట మనవడా' అని పిలుస్తాడు. అరబ్బీలో ఆ పిలుపు ఇంకా బాగుంటుంది.

ఒక చలికాలం పొద్దున ఆయన నా బల్ల ముందు కూర్చుని ఫోన్లో ఫొటో చూపించాడు. నల్లటి రివాల్వరు. త్రీ ఫిఫ్టీ సెవెన్ మాగ్నమ్.

"లైసెన్సు వచ్చింది. నిన్న తెచ్చాను," అన్నాడు.

వాళ్ల ఇల్లు ఊరి బయట, కొండ వాలున, దానిమ్మ తోటలో ఉంటుంది. అంతకుముందు నెలలో పక్క తోటలో దొంగలు పడి నీళ్ల మోటారు విప్పుకుపోయారు. ఈయన వ్యాపారం మీద తరచూ జెద్దాకు పోతుంటాడు. అప్పుడు ఇంట్లో ఆయన భార్య, వంటమనిషి ఇద్దరే ఉంటారు.

"తుపాకీ కొన్నాను సరే, తూటాలు ఏవి కొనాలి? దుకాణంలో నాలుగు రకాలు చూపించాడు. కోట మనవడివి, నువ్వు చెప్పు."

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మనిషి నన్ను నా చదువు గురించి కాక, నా ఇంటి గురించి అడిగాడు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాను. మాగ్నమ్ రివాల్వరులో ఒక సుగుణం ఉంది. అది పొడుగాటి మాగ్నమ్ తూటా కాలుస్తుంది. దానికన్నా పొట్టిదీ నెమ్మదైనదీ అయిన థర్టీ ఎయిట్ స్పెషల్ కూడా కాలుస్తుంది. మాగ్నమ్ మహా బలంగా పోతుంది, కానీ చేతిని తంతుంది. మూసిన గదిలో పేలిస్తే చెవులు గింగురుమంటాయి, చీకట్లో దాని మంటకు కళ్లు బైర్లు కమ్ముతాయి. స్పెషల్ అంత అల్లరి చెయ్యదు. ఇక గుండు ఆకారం సంగతి. మొద్దు ముక్కు గుండు దూసుకుని అవతలికి పోతుంది. ముక్కున గుంట ఉన్న హాలో పాయింట్ తగిలిన చోట పువ్వులా విచ్చుకుని, లోపలే ఆగడానికి చూస్తుంది. ఇంటి కాపలాకు పెద్దలు దాన్నే మెచ్చుకుంటారు.

ఆయన అంతా విని, "పొట్టి తూటానా? ఒంటెను కొని దానికి కోడి దాణా పెట్టమంటావా?" అన్నాడు.

"ఒంటెను మీ ఇంట్లో ఎవరు తోలుతారో ముందు చెప్పండి," అన్నాను.

"నేను ఉంటే నేను. లేకపోతే నా భార్య."

"అయితే ఇల్లు చూడకుండా తూటా చెప్పలేను."

వైద్యుడు నాడి చూడకుండా మందు రాయడు. కఫీల్ శుక్రవారం భోజనానికి రమ్మన్నాడు.

ఆ ఇంటి వంటమనిషి మన కోనసీమ ఆవిడ. గల్ఫులో ఇంటిపనికి వచ్చి పదేళ్లు దాటింది. మా కఫీల్‌ను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ ఇక్కడి పద్ధతిలో పిలుస్తుంది. నన్ను మాత్రం నవాబుగారు అంటుంది. అందులో ఎంత మర్యాద ఉందో, ఎంత వెటకారం ఉందో నేనెప్పుడూ విడదీసి చూడలేదు.

"ఆయ్, నవాబుగారూ! తుపాకీ పరీక్షకి వచ్చారంట కదండీ. కోతుల కోసమేనా? నిన్న ఒకటి వంటింట్లోకొచ్చి రొట్టెలట్టుకుపోయిందండి బాబూ. మొహం చూస్తే మా పెదమావయ్య గుర్తొచ్చాడు."

"కోతుల కోసం కాదమ్మా, దొంగల కోసం. నువ్వు అన్నం సంగతి చూడు."

"అన్నం ఎప్పుడో అయిపోయిందండి. మీ తుపాకీయే ఇంకా ఉడకలేదు."

మాంసంతో వండిన కబ్సా అన్నం తిన్నాక కఫీల్ నన్ను నడవాలోకి తీసుకుపోయాడు. ఆయన భార్య కూడా వచ్చింది. ముఖం మీద నికాబ్ ఉంది, మాటకు మాత్రం ఏ తెరా లేదు. ఆవిడ కొండల్లో పుట్టి పెరిగింది. చిన్నప్పుడే తండ్రి దగ్గర రైఫిలు పట్టడం నేర్చుకుందట.

నేను వీధి తలుపు దగ్గర నిలబడి, "దొంగ ఇక్కణ్నుంచి వస్తాడు. మీరు పడకగది గుమ్మంలో ఉంటారు. అంటే కాల్పు అటునుంచి ఇటు. గుండు గురి తప్పితే ఎక్కడికి పోతుంది?" అని అడిగాను.

"తలుపు పక్కనున్న ఆ గోడకు," అన్నాడు కఫీల్.

ఆ గోడను చూసి నేను నిజంగా ముచ్చటపడ్డాను. ఈ కొండ ఇళ్లల్లో లోపలి గోడలకు ఆడవాళ్లే రంగులు వేస్తారు. నల్ల గీతల మధ్య ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు, త్రికోణాలు, జొన్న కంకుల్లాంటి ముగ్గులు. ఆ గోడ పొడుగునా ఈ ఇల్లాలు స్వయంగా వేసిన బొమ్మలే. చూస్తే నూరేళ్లుగా అక్కడే ఉన్న రాతి గోడలా నిండుగా ఉంది. తట్టి చూడాలని తోచింది, కానీ తట్టలేదు. పరాయి ఇంటి ఇల్లాలు చేత్తో వేసిన రంగు మీద మగవాడు అరచెయ్యి వేయడం మా ఇంట్లో నేర్పిన మర్యాద కాదు.

"వెనుక ఇంత గోడ ఉన్నాక భయం లేదు," అన్నాను. "మాగ్నమ్ హాలో పాయింట్ తీసుకోండి. తప్పినా గోడ దాన్ని మింగేస్తుంది."

కఫీల్ ముఖం వెలిగింది. ఒంటెకు ఒంటె తిండే దొరికింది.

అప్పుడు వంటావిడ టీ పళ్లెంతో నిలబడి ఉంది. మేము మాట్లాడుకున్న అరబ్బీ ఆవిడకు నాకన్నా బాగా వచ్చు.

"నవాబుగారూ, ఆ గోడ అవతల నా మంచం ఉందండి," అంది తెలుగులో.

"ఉండనియ్యమ్మా. రాతి గోడ కదా."

"రాతి గోడేటండీ! బాబా గురక పెడితే నా మంచం ఊగుద్ది. రాత్రి మామాతో ఏం దెబ్బలాడాడో పొద్దున్నే నేను చెప్పెయ్యగలను. గురక వచ్చే గోడలోంచి గుండు రాదేటండీ?"

"ఏందమ్మా నువ్వనేది?"

ఆవిడ పళ్లెం కింద పెట్టి, నేను చేయనిది తాను చేసింది. మామా రంగుల మీద వేలి కణుపుతో టకటకా కొట్టింది. ఆ చప్పుడు నాకూ కఫీల్‌కూ బాగా తెలుసు. రోజూ మా గోడౌన్లో వినేదే. ఖాళీ జిప్సం బోర్డు.

కఫీల్ కూడా వచ్చి ఒకసారి తట్టి చూశాడు. తర్వాత ఇల్లాలు నవ్వడం మొదలుపెట్టింది. వంటావిడ కోసం పెద్ద నడవాను రెండుగా విడదీయమని తానే భర్తకు చెప్పిందట. బోర్డులు మా గోడౌను నుంచే వచ్చాయి. ఆయన అప్పుడు ప్రయాణంలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి గోడ మీద రంగులు పూర్తయ్యాయి. తాతల నాటి ముగ్గు కనిపించగానే ఆయన బోర్డుల మాట మరిచి, దాన్ని తాతల నాటి గోడగానే లెక్కవేసుకున్నాడు. పొద్దస్తమానం జిప్సం బోర్డులు అమ్మే మేమిద్దరం దాని ముందు నిలబడి కోటగోడ అనుకున్నాం.

"వల్లాహ్, నా బోర్డు మంచిది," అన్నాడు కఫీల్. "ఇటు ఒకటి, అటు ఒకటి. మధ్యలో ఇనుప పట్టీలు. హాలో పాయింట్ విచ్చుకుని ఆగిపోతుందని నువ్వే కదా అన్నావు?"

అన్నాను. మనిషి ఒంట్లో అయితే ఆగుతుంది. బోర్డులో ఆగుతుందో లేదో నేను చూడలేదు, దాదా కాలంలో బోర్డులే లేవు. చూడని దానికి ఆయన మనవడు పూచీ పడడు.

"పరీక్ష చేద్దాం," అన్నాను.

లైసెన్సు ఉన్నవాళ్లు సాధన చేసుకునే షూటింగ్ రేంజి ఒకటి ఊరి అవతల ఉంది. కఫీల్ అక్కడి అధికారిని అడిగి తనకూ భార్యకూ అనుమతి తీసుకున్నాడు. మా గోడౌను నుంచి బోర్డులూ పట్టీలూ పట్టుకెళ్లి, ఇంట్లో గోడ ఎలా ఉందో అచ్చం అలాగే ఒక గోడ ముక్క కట్టించాం. పరీక్ష రోజు ఇల్లాలితో సహా ముగ్గురం బయలుదేరుతుంటే వంటావిడ పరిగెత్తుకొచ్చి కారు కిటికీలోంచి తన పాత దిండు లోపలికి తోసింది.

"దీన్ని గోడ అవతల పెట్టండి, సరిగ్గా నా తల ఉండే ఎత్తులో. ఏమైందో నాకు చూపించాలండి. నోటి మాట వద్దు."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ మాట మీదుందండి. ఆ గోడ మీదే లేదు."

రేంజిలో నేను రివాల్వరును ముట్టుకోలేదు. అది ఆయన లైసెన్సు మీద ఉంది. నేను ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, మీద ఉన్న పరాయి దేశపు వాణ్ని. పసుపు గీత వెనుక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఖిల్లేదారు వంశంలో తుపాకీకి ఇంత దూరంలో నిలబడి ఇంత సంతోషపడినవాడు నేనొక్కణ్నే అయ్యుంటాను. ఎందుకంటే ప్రతి తూటాకూ ముందు ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూసేవాడు. నేను తల ఊపాకే ముందుకు తిరిగేవాడు.

మొదట మాగ్నమ్, మొద్దు ముక్కు. అగ్గి కక్కుకుంటూ పోయింది. గోడకు చిన్న బొక్క, దిండు నుంచి దూది. అది అనుకున్నదే. తర్వాత మాగ్నమ్ హాలో పాయింట్. ఇదిగో ఇదీ మా మందు అనుకుంటూ చూశాను. అదీ రెండు బోర్డులూ దాటి, దిండు దాటి, వెనుక ఇసుకలోకి పోయింది. కాల్పులు ఆపించి, అధికారి వెళ్లి ఇసుకలోంచి ఆ గుండు తీసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. విచ్చుకోలేదు. ముక్కు గుంటలో జిప్సం పొడి గట్టిగా కూరుకుని ఉంది, బొబ్బట్టులో పూర్ణంలా. గుంట పూడిపోయాక అది మామూలు మొద్దు గుండే. అందుకే ఆగకుండా పోయింది.

"పొట్టిది?" అన్నాడు కఫీల్. గొంతులో ఒంటె గర్వం తగ్గింది.

థర్టీ ఎయిట్ స్పెషల్ హాలో పాయింట్. కాస్త నెమ్మదిగా, కాస్త మర్యాదగా, అదీ బోర్డులు దాటి దిండులోకే పోయింది.

ఆయన రివాల్వరు కింద పెట్టి, తన బోర్డుల దగ్గరకు వెళ్లి బొక్కల్లోంచి అవతలికి చూశాడు. "కోట మనవడా, దొంగను ఆపాలి, గోడలో ఆగాలి. అలాంటి తూటా ఏది?"

"అలాంటిది లేదు. ఇంతకాలం ఉందనుకున్నాను. లేదు."

"అయితే నా బోర్డు మంచిది కాదా?"

"బోర్డు మంచిదే. గోడ కాదు."

ఆయన భార్య మా మాటలేవీ పట్టించుకోకుండా చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని ముందుకొచ్చింది. మాగ్నమ్ ఒకటి కాల్చింది. రివాల్వరు ఆకాశం వైపు లేచింది. "ఇది తుపాకీ కాదు, గాడిద తన్ను," అని స్పెషల్ తూటాలు నింపమంది. వాటిని ఒక్కొక్కటిగా, ఊపిరి తీసి వదిలి, అట్ట మీది గుర్తు నడుమ అరచేయంత చోట అన్నీ దింపింది. తర్వాత భర్త వంతు వచ్చింది. ఆయన మాగ్నమ్‌తో అట్ట నాలుగు మూలలనూ సమానంగా గౌరవించాడు.

తూటా నిర్ణయమైపోయింది: స్పెషల్, గుంట ముక్కుది. దొంగ వచ్చేది ఆయన లేనప్పుడే కాబట్టి కాల్చేది ఆవిడే. ఆవిడ గురి తప్పకుండా కాల్చేదే ఆ ఇంటికి మంచి తూటా. మాగ్నమ్ తూటాలు అట్టల మీద సరదాకి చాలు. ఇదంతా చెప్పి, "కానీ తూటా ఏదైనా ఆ మంచం అక్కడ ఉండకూడదు," అన్నాను.

ఇంటికి వచ్చి, జరిగిందంతా చెప్పి దిండు చూపించాం. వంటావిడ దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, బొక్కల్లోంచి ఒకసారి నన్ను, ఒకసారి బాబాను చూసింది.

"అయ్ బాబోయ్. ఇది నెమ్మదైనదాని బొక్కా, గాడిదదాని బొక్కా?"

"నెమ్మదైనదానిది అదిగో, ఆ నడిమిది."

"మా చెడ్డ నెమ్మదండి! నా నుదుటికి బొట్టు పెట్టినట్టే ఉంది."

నేను అనువదించబోయాను. ఇల్లాలు చెయ్యెత్తి ఆపింది. దిండు చూస్తే చాలు, అనువాదం అక్కర్లేదు. తూటాల పెట్టెలన్నీ తన బీరువాలో పెట్టి తాళం వేసింది. "మంచం మారిన రోజు ఇవి బయటికి వస్తాయి. అందాకా నీ రివాల్వరుతో కోతుల్ని బెదిరించుకో," అంది భర్తతో.

మంచం పట్టే గది ఇంకొకటే ఉంది. ఇంటి పాత భాగంలో, ఆయన తాత కట్టించిన రాతి గది. గోడ మూరెడు మందం. ఈసారి తట్టి చూశాను. కానీ అందులో కాలు పెట్టే చోటు లేదు. నిండా ఆయన తండ్రి ఒంటె జీనులు, పాత సామాను. కఫీల్ తలుపు తీసి నన్నొక్కణ్నే లోపలికి రమ్మన్నాడు. ఒక్కొక్కటీ చూపిస్తూ ఎవరు ఎక్కడినుంచి తెచ్చారో చెప్పాడు. నేను చేతులు కట్టుకుని విన్నాను. ఇలాంటి గదుల్లో ఎలా నిలబడాలో నాకు తెలుసు.

"మీ ఇంట్లో ఇలాంటివి ఏం చేశారు?" అన్నాడు చివరికి.

"అమ్ముకున్నాం."

"ఏడ్చారా?"

"లేదు. అమ్మిన ప్రతిసారీ దాదా బిర్యానీ వండించి వీధి వీధంతా పిలిచేవారు. చేతిలో డబ్బు లేక అమ్మినట్టు ఎవరూ అనుకోకూడదు కదా."

ఆయన ఎంత నవ్వాడంటే వంటావిడ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏటయిందండీ, గుండు గాని తగిలిందా?"

"గుండు కాదులేమ్మా. నీ మంచానికి చోటు."

"ఆయ్! కిటికీ ఎటువైపుందండీ?" అని గబగబా లోపలికి వచ్చి, జీను ఒకటి దాటి, గది నాలుగు గోడలనూ తానే తట్టి చూసుకుంది. ఇప్పుడు ఆ గదిలోనే పడుకుంటుంది. గురక వినపడక మొదటి వారమంతా నిద్రపట్టలేదని నాకు ఫిర్యాదు చేసింది.

గది ఖాళీ చేసేముందు కఫీల్ ఒక మేకను కోయించి తోట చుట్టుపక్కల వాళ్లందరినీ భోజనానికి పిలిచాడు. ఆ తర్వాతి మంగళవారం ఊరి సంతలో ఆయన తండ్రి ఒంటె జీనులు రెండూ, ఇత్తడి పళ్లేలూ, గొర్రెతోలు కోటూ, కొయ్య పెట్టె ఒకటీ అమ్మేశాం.